చీలమండ లోతు కాలువ

మా మేనమామ కొడుకు శ్రీను మొన్న పొద్దున చుట్టాల వాట్సాప్ గ్రూపులో రెండు ఫొటోలు పక్కపక్కన అతికించి పంపాడు. ఎడమ వైపుదాని మీద ‘అప్పుడు’ అనీ, కుడి వైపుదాని మీద ‘ఇప్పుడు’ అనీ ఎర్రటి అక్షరాలు. ‘ఇప్పుడు’లో మా దర్శి అవతల సాగర్ కాలువ అడుగు బయటపడి, బురద పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. ‘అప్పుడు’లో అదే కాలువ, అదే వంతెన. రెండు గట్ల మీదా రెల్లు తెల్లగా పూసింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పొద్దుటి ఆకాశం రంగు పరుచుకుని, అందులో రెల్లు పూల నీడ తలకిందులుగా నిలబడి ఉంది. కింద శ్రీను రాశాడు: “మా నాన్న రోజుల్లో దసరా వెళ్ళేసరికి కాలవ ఇట్లా పారేది. ఇప్పుడు మిరప తోటలు ఎండిపోతున్నాయి. సోమవారం ఈ రెండూ ఆఫీసరు గారికి ఇస్తున్నాం.” దాని కింద వరసగా దండాల బొమ్మలూ ఏడుపు బొమ్మలూ వచ్చి పడ్డాయి. ‘ఆ రోజులే వేరు’ అని ఒకరు, ‘పెదనాన్న చెయ్యి బంగారం’ అని ఇంకొకరు. నేను మాత్రం ఏమీ రాయలేక ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఎందుకంటే ఆ ‘అప్పుడు’ ఫొటో తీసింది మా నాన్న. తీసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు ఆ కాలువలో నీళ్ళు లేవు.

దర్శి బస్టాండు వెనక వీధిలో ముందుగది మా నాన్న స్టూడియో, వెనక గదులు మా ఇల్లు. మధ్యలో ఉన్న చీకటిగది ఎటు చెందుతుందో ఎప్పుడూ తేలలేదు. ఫొటోలు కడిగే హైపో వాసన వంటింట్లోకి వచ్చేది, అమ్మ పెట్టే చారు పోపు ఘాటు చీకటిగదిలోకి వెళ్ళేది. “నీ ఫొటోల వాసన నా చారుకి పట్టింది” అని అమ్మ, “నీ పోపుకి తుమ్మి పెళ్ళికూతురి ముక్కు చెరిపాను” అని నాన్న. దండెం మీద ఒక పక్క పాసుపోర్టు ఫొటోలు ఆరేవి, ఇంకో పక్క తడిబట్టలు. నాకు ఊహ తెలిసి డిగ్రీకి వచ్చేసరికి రంగుల కాలం వచ్చేసింది. నలుపు తెలుపువి మాత్రమే ఇంట్లో కడిగేవాడు. రంగు రీళ్ళు గుంటూరు ల్యాబుకి బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపడం, అవి తిరిగి వచ్చేదాకా బస్టాండు వైపే చూస్తూ కూర్చోవడం మా ఇంట్లో మామూలు. ఒక రీలు పాడైతే ఒక పెళ్ళి మొత్తం పోయినట్టే. ఆ బెంగ నాన్నకి ఏడాదంతా ఉండేది. అన్నం తింటూ మధ్యలో ఆగి, “తాళి కట్టేటప్పుడు ఫ్లాష్ వెలిగిందంటావా?” అని నన్ను అడిగేవాడు. వెలిగింది నాన్నా అంటే మళ్ళీ తినేవాడు.

భాద్రపదంలోనూ ఆశ్వయుజంలోనూ మా వైపు పెళ్ళిళ్ళు ఉండవు. అవి నాన్న సొంత నెలలు. వానలు వెనకబట్టి, ఆకాశం కడిగినట్టయి, కాలువ గట్ల మీద రెల్లు పూయడం మొదలుకాగానే చీకటితో లేచి సైకిలు మీద మూడుకాళ్ళ స్టాండు కట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఆ ఫొటోల్లో మనిషి ఉండకూడదు, అది ఆయన నియమం. గొడ్లను తోలుకుపోయేవాడు అడ్డం వస్తే వాడు పోయేదాకా కూర్చునేవాడు. “ఏడాదంతా మనుషుల్నే చూశాను. ఈ రెండు నెలలూ వాళ్ళకీ నాకూ సెలవు” అనేవాడు. స్టాండు కాళ్ళు బాగా కుదించి, కెమెరాను దాదాపు నీళ్ళ మట్టానికి దించి, తను గట్టు వాలున బోర్లా పడుకుని తీసేవాడు. అలా కిందికి దిగి చూస్తే ఆకాశం మొత్తం నీళ్ళలోకి వస్తుందని చెప్పేవాడు. ఇంటికి వచ్చేసరికి లుంగీ నిండా బురద, చొక్కా నిండా రెల్లు నూగు. అమ్మ గుమ్మంలోనే ఆపి తువ్వాలుతో దులిపి లోపలికి రానిచ్చేది.

ఆ ఫొటోల్లో ఒకదాన్ని ఎరువుల కొట్టు రంగయ్య గారు ఏటా తన క్యాలెండరుకి తీసుకునేవారు. దీపావళి లోపే అచ్చుకి శివకాశి పంపాలి. పైన నాన్న కాలువ, కింద కొట్టు పేరు, దాని కింద తేదీలు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా ఆ క్యాలెండరు ఉండేది. పాలవాడు రాని రోజులూ, పత్తికి మందు కొట్టిన రోజులూ ఆ తేదీల మీదే గుర్తు పెట్టేవాళ్ళు. మా నాన్న పేరు ఎవరికీ తెలియదు గానీ, ఆయన కాలువ కింద రెండు తాలూకాల వాళ్ళు అన్నాలు తినేవాళ్ళు.

నేను చెబుతున్న ఏడు వినాయక చవితి తరవాత చినుకు పడలేదు. అమ్మ తమ్ముడు, మా కోటయ్య మామయ్య ఊరు కాలువకి చిట్టచివర. పైన ఎవరికి సరిపోయినా సరిపోకపోయినా, మిగిలితేనే వాళ్ళకి. ముందటేడు పత్తిని పచ్చపురుగు ఊడ్చేసింది. అందుకని ఈసారి ఉన్నదంతా మిరప పెట్టాడు. దసరా నాటికి తోట పూత మీదకి వచ్చింది. పూత మీద తడి అందకపోతే ఆ పూత రాలిపోతుంది, మళ్ళీ పుయ్యడానికి చెట్టులో సత్తువ ఉండదు. అందరికీ తెలిసిందే కాబట్టి దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడేవాళ్ళు కాదు. మామయ్య దర్శి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో టీ తాగి, గ్లాసు కింద పెట్టకుండా పట్టుకుని కూర్చునేవాడు. ఆ రోజుల్లో పేపరు తెరిస్తే పత్తి రైతుల వార్తలే. ఏ ఊళ్ళో ఎవరు పురుగుమందు తాగారో చదవడం అవగానే అమ్మ పేపరు మడిచి పరుపు కింద పెట్టేసేది, తమ్ముడి కంట పడకుండా. వారానికోసారి ఏదో వంకన తమ్ముడి ఇంటికి వెళ్ళేది. వెళ్ళి మరదలితో అవీ ఇవీ మాట్లాడి, మధ్యలో మామూలుగా అడిగినట్టు అడిగేది: “మందు డబ్బాలు ఎక్కడ పెడతన్నారే?” ఆవిడ కొట్టంలో అని చూపిస్తే, “అక్కడ పిల్లాడు పాకుతాడు, మా ఇంటికి పంపు, కొట్టే రోజు తెచ్చుకోవచ్చు” అనేది. ఆ పాకే పిల్లాడే శ్రీను. స్టూడియోలో తెరల వెనక మందు డబ్బాలు వరసగా ఉండేవి. ఎందుకున్నాయో నాన్న అడగలేదు.

నీటిపారుదల ఆఫీసుకి వెళ్తే, చివరి భూములకి వదిలాం కదా అన్నారట. వాళ్ళు వదిలిన మాటా నిజమే. కాకపోతే ఎగువ ఊళ్ళవాళ్ళు గట్టు మీద ఆయిలింజన్లు పెట్టి దారిలోనే తోడేసుకుంటున్నారు. వాళ్ళదీ మిరపే, వాళ్ళదీ పూతే. అందుకని వాళ్ళని తిట్టడానికి కూడా మామయ్యకి గట్టిగా నోరు వచ్చేది కాదు. అప్పుడే ఎవరో అన్నారు, ఎండిన కాలువ ఫొటో తీసి చూపిస్తే కాదనలేరు కదా అని. మామయ్య ఆ సాయంత్రమే వచ్చాడు.

“బావా, ఈసారి నీ క్యాలెండరు కాలవ కాదు, మా కాలవ తియ్యాలి” అన్నాడు.

“రెండూ ఒకటేగదరా. పొద్దున వస్తా పద” అన్నాడు నాన్న.

మర్నాడు చీకటితో నాన్న, మామయ్య, నేను ముగ్గురం వెళ్ళాం. వంతెన దగ్గరికి వెళ్ళేసరికి తూర్పు తెల్లబడుతోంది. ఆ ఏడు రెల్లు ఎన్నడూ లేనంత విరగబూసింది. వాన తగలని రెల్లు అంత కాలం నిలుస్తుందని నాకు అప్పుడే తెలిసింది. కాలువ అడుగంతా నల్లటి బురద. వంతెనకి ఇవతల, గట్టు దిగే మెట్ల దగ్గర మాత్రం గేదెలు పొర్లిన చోట కాస్త నీళ్ళు నిలిచి ఉన్నాయి. కొంగ దిగితే దాని కాళ్ళు సగం కూడా మునగనన్ని. వాటిని చూడగానే నాన్న కాళ్ళు అటే నడిచాయి. స్టాండు కుదించాడు, బోర్లా పడుకున్నాడు.

“ఇంకా తెల్లారలా బావా. ఎండ రానీ, పగుళ్ళు బాగా పడతాయి” అన్నాడు మామయ్య.

“ఎండొస్తే ఏముంటదిరా? బొమ్మ చచ్చిపోతుంది” అన్నాడు నాన్న కెమెరాలోంచి కన్ను తీయకుండా. మామయ్య ఫొటోలో పడకుండా పక్కకి జరగమని చేత్తో సైగ చేశాడు. మామయ్య రెల్లు పొద వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

గుంటూరు నుంచి ఫొటోలు వచ్చిన రోజున మా ముందుగదిలో మామయ్యతో పాటు వాళ్ళ ఊరివాళ్ళు నలుగురైదుగురు చేరారు. ఫొటో చేతులు మారింది. అందరూ చూసి, “చూడు, ఎట్టా ఎండిపోయిందో” అన్నారు. అమ్మ చూసి కళ్ళు ఒత్తుకుంది. నాన్న చూశాడు. నేనూ చూశాను. ఇన్నేళ్ళ తరవాత ఆశ్చర్యంగా ఉండేది అదే: మా అందరికీ అందులో ఎండిన కాలువే కనపడింది. అందులో నీళ్ళు లేవని మాకు ముందే తెలుసు గనక.

ఆఫీసులో ఏం జరిగిందో మామయ్యతో వెళ్ళినవాళ్ళు చెప్పారు. ఇంజనీరు గారు ఫొటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూశారట. కోపం కూడా లేదట ఆయన మొహంలో. “ఇంతకంటే నిండుగా ఎట్లా ఇవ్వమంటారయ్యా? రెల్లు పూల నీడ కూడా కనపడుతోంది” అని ఫొటో బల్ల మీద పెట్టారట. అప్పుడు వీళ్ళందరూ వంగి చూశారు. ఆయన చెప్పాక వీళ్ళకీ కనపడింది. గట్టు నుంచి గట్టు దాకా నీళ్ళు. “అది ఆకాశమండీ” అన్నాడట మామయ్య. అక్కడున్న గుమాస్తాలు నవ్వారు. తిరుగు బస్సులో సొంత ఊరివాళ్ళే మొదలుపెట్టారు. “ఒరేయ్ కోటయ్యా, మీ బావ ఫొటో తీస్తే ఎండిన కాలవ కూడా పారుద్దిరా!” “మా చేను కూడా ఒకటి తియ్యమనరా, తడుస్తదేమో.”

మామయ్య స్టూడియో గుమ్మం దాకా వచ్చి లోపలికి అడుగు పెట్టలేదు. ఎప్పుడూ బావా అని పిలిచే మనిషి, “బావగారూ” అన్నాడు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “తమరి చెయ్యి చాలా గొప్పదండీ. దేవుడియ్యని నీళ్ళు తమరిచ్చారు. ఇక మాకేం లోటు?” ఫొటోను కుర్చీలో పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ వెనకాలే వీధి చివరిదాకా పరిగెత్తింది. తమ్ముడు వెనక్కి తిరగలేదు. అమ్మ తిరిగొచ్చి, తెరల వెనక్కి వెళ్ళి డబ్బాలు అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. ఆ తరవాత నాన్న వైపు తిరిగి, “నా తమ్ముడికేమన్నా అయితే...” అని ఆగిపోయింది. నాన్న భూతద్దం పెట్టి ఆ ఫొటో చూస్తూనే ఉన్నాడు. దీపం పెట్టే వేళ దాకా చూశాడు. “పడుకుని తీశాను. నిలబడి తియ్యాల్సింది” అన్నాడు చివరికి, తనలో తను.

మర్నాడు అమ్మని, నన్ను తీసుకుని మిట్టమధ్యాహ్నం బయల్దేరాడు. ఆ ఎండలో ఆయన ఎన్నడూ కెమెరా బయటికి తీసింది లేదు. ముందు మామయ్య ఇంటికి వెళ్ళాం. మామయ్య మంచం మీద నుంచి లేవలేదు.

“కాలవ కాడికి రా” అన్నాడు నాన్న.

“నేనెందుకు? నేనడ్డమొస్తే నీ బొమ్మ చెడిపోదూ?”

“నువ్వే కావాలిరా. కాలవలోకి దిగు. నీ కాలు ఎంత మునిగిందో చూపిస్తే, ఆకాశాన్ని నీళ్ళని ఎవడూ అనడు.”

మామయ్య కదల్లేదు. అమ్మే కాలువ వైపు నడిచింది. ఆ ఊరి ఆడపడుచైన అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, గట్టు దిగి, గేదెల మడుగు మధ్యలోకి వెళ్ళి నిలబడింది. పక్క చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు చూసి, ఏందక్కా అంటూ వచ్చారు. సంగతి విని వాళ్ళూ దిగారు. అక్కను నడి కాలువలో చూసి మామయ్య పంచె పైకి కట్టుకుంటూ వచ్చాడు. ఎవరో వాడిపోయిన మిరప మొక్క పీక్కొచ్చి చేతిలో పట్టుకున్నారు. ఎవరో గేదెను కూడా తోలుకొచ్చారు. నాన్న ఎత్తుగా వంతెన గోడ మీదకి ఎక్కి నిలబడ్డాడు. అంతా సిద్ధమై, ఊరంతా ఊపిరి బిగబట్టి ఉన్న వేళ, ఇన్నేళ్ళ పెళ్ళిళ్ళ అలవాటు ఆయన నోట్లోంచి జారింది: “రెడీ... అందరూ కొంచెం నవ్వండి!”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తరవాత మామయ్య మొదలుపెట్టాడు. “ఓరి నీ స్టూడియో తగలబడ! ఏం చూసి నవ్వమంటావు బావా?” అని పొట్ట పట్టుకుని నవ్వాడు. మళ్ళీ బావా అన్నాడు. అమ్మ నవ్వుతూ ఏడ్చేసింది. కాలువ నిండా నవ్వులే. నాన్న గాభరాలో మీట నొక్కేశాడు. రీల్లో ఇంకా రెండు మిగిలి ఉన్నాయి గానీ, ఎన్నిసార్లు సర్దుకున్నా ఎవరో ఒకరు పక్కుమనేవాళ్ళు. మూడింటిలోనూ అందరూ నవ్వుతూనే పడ్డారు.

ఆ ఫొటో గుంటూరు నుంచి వచ్చేదాకా గడిచిన రోజులు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. ల్యాబులో పాడైతే? నవ్వుతున్నారని మళ్ళీ తిప్పి పంపిస్తే? మామయ్య రోజూ తోటలోంచి రాలిన పూత దోసిట్లో తెచ్చి గడప మీద పోసేవాడని అత్త చెప్పింది. ఈసారి నాన్న కూడా ఆఫీసుకి వెళ్ళాడు. “ఏమయ్యా, ఇంత ఎండిపోతే నవ్వుతున్నారేంటి?” అన్నారట ఇంజనీరు గారు. “నవ్వక ఏం చేస్తామండీ” అన్నాడట మామయ్య. ఇంజనీరు గారు ఫొటోలో పాదాల దగ్గర వేలు పెట్టి కాసేపు చూశారు. ఆ తరవాత జీపు వేసుకుని తనే వచ్చి కాలువ గట్టు పొడుగునా వెళ్ళారు. ఎగువన ఇంజన్లు ఆపించడానికి మళ్ళీ కొన్ని రోజులు పట్టింది. నీళ్ళు వచ్చేసరికి రెల్లు రాలిపోయింది, మిరప పూత సగం పోయింది. సగం నిలిచింది. ఆ సగంతో మామయ్య ఆ ఏడు గట్టెక్కాడు. ముదిమి వచ్చేదాకా బతికాడు, మనవల్ని ఎత్తుకున్నాకే పోయాడు. మందు డబ్బాలు మా స్టూడియో తెరల వెనక చాలా ఏళ్ళు ఉన్నాయి.

క్యాలెండరుకి రంగయ్య గారు వచ్చినప్పుడు నాన్న ఆ ఏడు ఫొటో లేదన్నాడు. ఆయన కుర్చీ పక్కన పడి ఉన్న మొదటి ఫొటో చూసి, “ఇంత మంచిది పెట్టుకుని లేదంటారేం?” అన్నారు. నాన్న ఇవ్వనన్నాడు. మామయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు. “ఇవ్వు బావా. గోడ మీదన్నా పారనీ” అన్నాడు. అలా ఆ ఏడాదంతా మామయ్య ఇంట్లోనూ, ఆ ఊరి ప్రతి ఇంట్లోనూ గోడల మీద కాలువ నిండుగా పారింది. నవ్వుతున్న ఫొటో ఆఫీసు ఫైల్లో పోయింది. దాని నెగటివు స్టూడియో మూసేసిన ఏడు చెమ్మ తగిలి తెల్లబడింది. ఆ తరవాత నేను పేపర్లో చేరాను. డెస్కులో ఎన్ని వందల ఫొటోల కింద ఒక్క లైను రాసి ఉంటానో. రాసిన ప్రతిసారీ, ఇందులో ఆకాశమెంత, నీళ్ళెంత అని ఒకసారి వెతుక్కునేదాన్ని.

శ్రీనుకి ఫోను చేశాను.

“ఆ ఫొటో ఇవ్వొద్దురా శ్రీనూ.”

“ఏం వదినా? మావయ్య పేరు కింద వేయలేదనా? వేస్తాలే.”

“అది కాదురా. అందులో నీళ్ళు లేవు.”

“ఊరుకో వదినా. అంత నిండుగా కనపడతంటే!”

చెప్పాను, మొత్తం. మధ్యలో ఒకసారి నవ్వాడు, నవ్వండి అన్న చోట. చివరికి, “అయితే అప్పుడూ ఇంతేనా వదినా?” అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. గ్లాసు కింద పెట్టకుండా పట్టుకుని కూర్చునే మనిషి గొంతు అది. నిండుగా వచ్చిన ఏళ్ళూ ఉన్నాయని చెప్పాను, అది అబద్ధం కాదు. కానీ వాడు ఇంతకాలం వేలాడిన ఆ ఒక్క ఫొటోనీ వాడి చేతిలోంచి లాక్కున్నట్టు అనిపించింది. “మధ్యాహ్నం పూట తియ్యండి. నువ్వు దిగి నిలబడు. కాళ్ళు కనపడాలి” అన్నాను.

నిన్న మధ్యాహ్నం వచ్చింది. వంతెన మీద నుంచి తీశారు. శ్రీను, వాళ్ళ ఊరి కుర్రాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. ఎవరూ నవ్వడం లేదు. నవ్వమని చెప్పేవాళ్ళు అక్కడ లేరు. రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేసుకుంటూ శ్రీను పాదాల దాకా వెళ్ళాను. అమ్మ నిలబడ్డ చోటే నిలబడ్డాడు. అమ్మకి చీలమండల దాకా తడి ఉంది. వీడి కాళ్ళ కింద బురద ఆరి, బూడిద రంగు తిరిగి ఉంది.

కాసేపాగి శ్రీను భార్యకి ఫోను చేశాను. పిల్లల చదువుల గురించి అడిగాను, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పి గురించి అడిగాను. ఆ తరవాత, మామూలుగా అడిగినట్టే అడిగాను: “మందు డబ్బాలు ఎక్కడ పెడతన్నారమ్మా?”